చిర్ పైన్ విత్తన ప్రోటీన్ల అనువంశికత: గింజ గింజగా చదివిన నా అనుభవం

పైన్, దేవదారు, స్ప్రూస్ వంటి శంకుధారి వృక్షాల గింజల్లో నిల్వ ఉండే ప్రోటీన్లు చెట్టుకూ చెట్టుకూ ఎంతవరకు మారుతాయి, ఆ తేడాలు తరువాతి తరానికి ఏ నియమం ప్రకారం చేరుతాయి అన్న ప్రశ్న మీద పరిశోధక విద్యార్థిగా ఉత్తరాఖండ్‌లో కొంతకాలం పనిచేశాను. నేను ఎంచుకున్న చెట్టు హిమాలయాల దిగువ వాలుల్లో విస్తారంగా పెరిగే చిర్ పైన్. పాఠ్యపుస్తకంలో ఈ విషయానికి నాలుగు వాక్యాలకు మించి చోటు దొరకదు. అడవిలో శంకువును కోయించిన నాటి నుంచి, ఇది ఫలానా జన్యువు అని ధైర్యంగా రాసే నాటి వరకు మధ్యలో ఏమేమి ఉంటాయో వృక్షశాస్త్రం చదివే మన విద్యార్థులకు తెలియాలన్న కోరికతో, చేసిన పనిని చేసిన క్రమంలో రాస్తున్నాను.

ఒక లక్షణం ఎలా సంక్రమిస్తుందో తెలుసుకోవాలంటే సాధారణంగా సంకరణం చేసి తరాల పాటు వేచి చూడాలి. మెండెల్‌కు బఠానీ ఆ వీలు కల్పించింది, ఏడాది తిరక్కుండానే కొత్త తరం చేతికి వచ్చేది. చిర్ పైన్‌లో పుప్పొడి చేరిన తరువాత శంకువు ముదరడానికే దాదాపు రెండేళ్లు పడుతుంది, ఆ గింజ మొలిచి, చెట్టై, తానూ శంకువులు వేయడానికి ఇంకా ఎన్నో ఏళ్లు కావాలి. అయినప్పటికీ, ఎవరూ సంకరణం చేయని, అడవిలో తనంతట తాను పెరిగిన ఒకే ఒక్క చెట్టు గింజల నుంచి మెండెల్ చెప్పిన పృథక్కరణను, అంటే ఒక జన్యువు రెండు రూపాలూ విడిపోయి వేర్వేరు బీజకణాలకు చేరడాన్ని, నేరుగా చూడవచ్చు. నన్ను ఈ రంగంలోకి లాగింది ఆ ఒక్క విషయమే.

దానికి కారణం గింజ నిర్మాణంలో ఉంది. వరి, జొన్న వంటి ఆవృతబీజాలలో ద్విఫలదీకరణ జరుగుతుంది కనుక, మనం తినే అంకురచ్ఛదంలో తల్లి జన్యువులూ తండ్రి జన్యువులూ కలిసి ఉంటాయి, అది త్రయస్థితిక (మూడు సమితుల క్రోమోజోములున్న) కణజాలం. పైన్ గింజలో అటువంటి కణజాలం ఏర్పడదు. అండంలోని ఒక తల్లికణం క్షయకరణ విభజన చెంది నాలుగు స్థూలసిద్ధబీజాలను ఇస్తుంది, వాటిలో మూడు నశించి ఒకటి మాత్రమే మిగిలి, పదేపదే విభజన చెంది, స్త్రీ సంయోగబీజదంగా పెరుగుతుంది. గింజను పగలగొడితే కనిపించే తెల్లని, నూనె ఓడే పప్పు అంతా ఇదే. ఇది ఏకస్థితికం, అంటే ఒకే సమితి క్రోమోజోములున్నది, ఇందులో తండ్రి భాగం ఏమీ లేదు. స్త్రీబీజకణం కూడా ఇదే సిద్ధబీజం నుంచి ఏర్పడుతుంది కాబట్టి, పప్పులో ఏ జన్యువులు ఉన్నాయో పిండానికి తల్లి వైపు నుంచి అందినవీ కచ్చితంగా అవే. తల్లిచెట్టు ఒక స్థానంలో (క్రోమోజోము మీద ఒక జన్యువు ఉండే చోట) విషమయుగ్మజమైతే, అంటే ఆ జన్యువుకు రెండు వేర్వేరు రూపాలు కలిగి ఉంటే, దాని గింజల పప్పుల్లో దాదాపు సగం ఒక రూపాన్నీ, మిగతా సగం రెండో రూపాన్నీ చూపాలి. క్షయకరణ విభజన ఫలితాన్ని కంటి ముందు పరిచి చూపే ఇటువంటి సదుపాయం మన పంట మొక్కల్లో లేదు.

ఈ సదుపాయానికి ఒక షరతు ఉంది, నేను ఈ వ్యాసంలో గట్టిగా చెప్పదలచుకున్నదీ అదే. గింజలను విడివిడిగా, ఒక్కొక్కటిగా పరీక్షించాలి. పిడికెడు గింజలను కలిపి నూరి, ఆ సారాన్ని జెల్ మీద (విద్యుత్తుతో ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే పలుచని పలక మీద) నడిపి, కనిపించిన ప్రతి బ్యాండునూ, అంటే ప్రోటీన్ గీతనూ, ఒక జన్యువుగా లెక్కించి, ఈ అడవికీ ఆ అడవికీ ఇంత తేడా అని తేల్చేసే పద్ధతి నాకు సమ్మతం కాదు. కలిపి నూరిన మరుక్షణం ఏకస్థితిక కణజాలం ఇచ్చే సమాచారం మొత్తం పోతుంది. ఏ బ్యాండు దేనికి ప్రత్యామ్నాయమో, ఏది దేనితో కలిసి వస్తుందో ఇక చెప్పలేము.

కోస్తా జిల్లా నుంచి వెళ్లిన నాకు అప్పటికి నిజమైన పైన్ అడవితో పరిచయం లేదు. మా వైపు సముద్రపు ఒడ్డున కనిపించే సరుగుడును సూదుల్లాంటి దాని రెమ్మలను బట్టి పైన్ జాతిగా భావించేవారు చాలామంది ఉన్నారు, కానీ సరుగుడు పుష్పించే మొక్క, ఆవృతబీజం. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే శంకుధారి నాగియా వాలిచియానా ఒక్కటే, అదీ పడమటి కనుమల తేమ అడవుల్లో. కనుక ఈ పని చేయాలంటే హిమాలయాలకు వెళ్లక తప్పదు.

శంకువుల సేకరణకు మేము కుమావూఁ ప్రాంతంలో అల్మోడా, రాణీఖేత్ వైపు అడవులకు వెళ్లాము. చిర్ పైన్ శంకువులు వేసవి మొదలయ్యాక చెట్టు మీదనే విచ్చుకొని, రెక్కలున్న గింజలను గాలికి వదిలేస్తాయి. అందువల్ల చలికాలం ముగిసే లోపు, శంకువులు గోధుమరంగుకు తిరిగి ఇంకా మూసుకొని ఉన్నప్పుడే కోయించాలి. రాలిన సూదులను అక్కడ పిరూల్ అంటారు, వాలు మీద అవి మందంగా పరుచుకొని ఉంటే బూటు నిలవదు. చాలా చెట్ల మానుల మీద లీసా, అంటే జిగురు, తీయడానికి పెట్టిన పాత గాట్లు ఉంటాయి. చెట్లెక్కడంలో ఆరితేరిన అక్కడి మనుషులు పైకి వెళ్లి శంకువులను కోసి కిందికి వేస్తుంటే, నేను ప్రతి చెట్టుకూ ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య రాసిన బిళ్లను సంచి లోపల ఒకటి, బయట ఒకటి కట్టేవాడిని. పక్కపక్క చెట్లు తోబుట్టువులు కావచ్చు కనుక చెట్టుకూ చెట్టుకూ మధ్య తగినంత దూరం ఉండేలా ఎంచుకున్నాము. బయలుదేరే ముందు మా గైడ్ మేడం చెప్పిన మాట ఒకటే: “ఒక చెట్టు గింజ ఒక్కటి ఇంకో చెట్టు సంచిలో పడినా ఆ సంచిని పక్కన పెట్టేయాల్సిందే. మనకు కావలసింది గింజలు కాదు, ఏ గింజ ఏ తల్లిదో ఆ వివరం.” ఎండలో పరిచిన శంకువులు టపటపమని విచ్చుకున్నాక గింజలు తీసి, రెక్కలు నలిపి, చెట్టువారీగా గాలి చొరని డబ్బాల్లో పోసి చల్లని గదిలో భద్రపరిచాము.

నీటిలో వేసినప్పుడు తేలే తాలు గింజలను పారేయకుండా వాటి లెక్క కూడా రాసుకునేవాళ్లం. ఎందుకంటే పైన్‌లో స్వఫలదీకరణ వల్ల ఏర్పడిన పిండాలు చాలావరకు హానికర అంతర్గత జన్యువుల (రెండు ప్రతులూ కలిసినప్పుడే ప్రభావం చూపేవాటి) కారణంగా మొదట్లోనే చనిపోతాయి, ఆ గింజలు తాలుగా మిగిలిపోతాయి. మన నిష్పత్తులన్నీ బతికిన గింజల నుంచే వస్తాయన్న సంగతిని తాలు గింజల లెక్క ఎప్పటికప్పుడు ఎదుట పెడుతుంది.

ఇక గింజను విప్పే పని. మొత్తం పరిశోధనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, నైపుణ్యం అన్నిటికన్నా ఎక్కువ అవసరమైనదీ ఇదే. రాత్రంతా చల్లని నీటిలో నానిన గింజను చిన్న పట్టుకారులో పెట్టి గట్టి పైపెంకును పగలగొట్టాలి. నానడం కొంత కావాలి, మరీ ఎక్కువ కాకూడదు, మొలక ప్రక్రియ మొదలైతే నిల్వ ప్రోటీన్లు కరగడం ప్రారంభించి బ్యాండుల తీరు మారిపోతుంది. పెంకు కింద గోధుమరంగు కాగితం లాంటి పలుచని పొర ఉంటుంది, సన్నని కొన వైపు అది టోపీలా మరికొంత మందంగా అంటుకొని ఉంటుంది. అండాంతఃకణజాలపు అవశేషాలతో కూడిన ఆ పొర తల్లిచెట్టు సొంత దేహభాగం, అది ద్వయస్థితికం. దాన్ని మైక్రోస్కోపు కింద పూర్తిగా తీసివేస్తేనే మిగిలినది శుద్ధమైన ఏకస్థితిక కణజాలం అని చెప్పగలం. తరువాత పప్పును స్కాల్‌పెల్‌తో నిలువునా చీలిస్తే మధ్యలోని సన్నని గదిలో పిండం కనిపిస్తుంది. ఒక చివర గుత్తిగా ముడుచుకున్న బీజదళాలు, మరో చివర వేరుమొన, ఆ మొనకు అంటి చుట్టలు చుట్టుకున్న సన్నని దారం. సూదితో పిండాన్ని తెగకుండా పైకెత్తి ఒక గొట్టంలోనూ, పప్పును మరొక గొట్టంలోనూ వేసి, రెండింటికీ ఒకే గింజ సంఖ్య రాయాలి. ఒక గొట్టంలో తల్లి వాటా మాత్రమే ఉంటుంది, ఇంకొక దానిలో తల్లీ తండ్రీ ఇద్దరి వాటాలూ ఉంటాయి.

పప్పులో నూనె ఎక్కువ కాబట్టి, ముందుగా చల్లని అసిటోన్‌తో నూరి కడిగి కొవ్వును తీసివేసేవాళ్లం. మిగిలిన తెల్లని పొడిని తక్కువ ఉప్పున్న బఫరులో కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, కరిగే ప్రోటీన్లు పైతేటలోకి వస్తాయి. వీటిలో విసిలిన్ తరహావీ, చిన్న ఆల్బుమిన్లూ ఉంటాయి. అడుగున మిగిలిన ముద్దలో లెగ్యుమిన్ తరహా గ్లోబ్యులిన్లు ఉంటాయి, కణంలోని ప్రోటీన్ కోశాల్లో ఇవి స్ఫటికాల్లా గట్టిగా పేర్చుకొని ఉండటం వల్ల మామూలు బఫరుకు లొంగవు, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటుతో వేడి చేస్తేనే కరుగుతాయి. పైన్ కుటుంబపు గింజల్లో ఎక్కువ మోతాదులో ఉండేవీ, నా పనికి కేంద్రమైనవీ ఈ లెగ్యుమిన్ తరహా ప్రోటీన్లే.

జెల్ తయారీ, నడపడం 1970లో లెమ్లీ ప్రచురించిన పద్ధతిలోనే సాగింది. జెల్‌కు ముడిపదార్థమైన ఆక్రిలమైడ్ గడ్డకట్టక ముందు నాడీమండలానికి హాని చేసే పదార్థం కనుక చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. ఆ జాగ్రత్త తప్ప ఈ భాగంలో విశేషంగా చెప్పవలసినది లేదు. ఒకే తల్లిచెట్టు గింజలను ఒకే జెల్ మీద పక్కపక్క వరుసల్లో నడపాలి, ప్రతి జెల్ మీదా అణుభారాల కొలత గుర్తులతో పాటు, ముందుగా నిల్వ చేసుకున్న ఒకే గింజ సారాన్ని ప్రమాణంగా పెట్టుకోవాలి. లేకపోతే ఈ జెల్ మీది బ్యాండూ ఆ జెల్ మీది బ్యాండూ ఒకటేనా అన్న వాదానికి అంతు ఉండదు. కూమాసీ నీలంలో రంగు పట్టించి, అదనపు రంగును కడిగేశాక, కాంతిపెట్టె మీద పెట్టి చూస్తాము.

జెల్‌ను చదవడంలో నాకు దారి చూపినది, ప్రోటీన్ ముక్కలను కలిపి ఉంచే డైసల్ఫైడ్ బంధాలను తెంపే మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనం. లెగ్యుమిన్ తరహా ప్రోటీన్ మొదట ఒకే పొడవైన గొలుసుగా తయారై, తరువాత ఒకచోట కోతకు గురై రెండు ముక్కలవుతుంది, ఆ ముక్కలను ఒక డైసల్ఫైడ్ బంధం కలిపి ఉంచుతుంది. మెర్కాప్టోఇథనాల్ కలపకుండా నడిపితే జంట విడిపోకుండా 55 నుంచి 60 కిలోడాల్టన్ల (అణుభారపు కొలమానం) ప్రాంతంలో ఒక బ్యాండు వస్తుంది. కలిపి నడిపితే ఆ బ్యాండు మాయమై, 30 కిలోడాల్టన్లకు కాస్త పైన ఆమ్ల స్వభావపు ముక్క, 20 కిలోడాల్టన్లకు కాస్త పైన క్షార స్వభావపు ముక్క కనిపిస్తాయి. అందుకే ఒక్కో పప్పు సారాన్నీ రెండు భాగాలు చేసి రెండు విధాలా నడిపేవాడిని. ఒక చెట్టు గింజల్లో, బంధం తెగని వరుసల్లో జంట బ్యాండు కొన్ని గింజల్లో కాస్త పైన, కొన్నిటిలో కాస్త కింద నిలిచింది. అవే గింజల బంధం తెగిన వరుసలను చూస్తే, జంట పైన నిలిచిన ప్రతి గింజలోనూ ఆమ్ల ముక్క కూడా పైనే ఉంది, కింద నిలిచిన ప్రతి గింజలోనూ అదీ కిందనే ఉంది, క్షార ముక్క మాత్రం అన్నిటిలోనూ ఒకే చోట ఉంది. రెండు జెల్‌ల మీద రెండు తేడాలుగా కనిపించినవి నిజానికి ఒకే జన్యువుకు చెందిన ఒకే తేడా అని అప్పుడు రుజువైంది. బ్యాండులను మాత్రమే లెక్కపెట్టి ఉంటే ఒక జన్యువును రెండుగా రాసేవాళ్లం.

ఒక పప్పులో రెండు బ్యాండులు కలిసి కనిపిస్తే అలవాటుకొద్దీ విషమయుగ్మజం అనిపిస్తుంది. ఏకస్థితిక కణజాలంలో అది అసాధ్యం. ఒక చెట్టు పప్పులన్నిటిలోనూ ఆ రెండూ కలిసే వస్తుంటే, అవి రెండు వేర్వేరు స్థానాల ఉత్పత్తులైనా కావాలి, ఒకే గొలుసు తయారయ్యాక మార్పు చెందడం వల్ల వచ్చినవైనా కావాలి. లెగ్యుమిన్ తరహా జన్యువులు ఒక్కొక్కటిగా కాక కుటుంబంగా ఉంటాయి కనుక ఇటువంటివి తరచుగా ఎదురవుతాయి. రెండు బ్యాండులు ఒకే స్థానపు యుగ్మవికల్పాలు, అంటే ఒకే జన్యువు ప్రత్యామ్నాయ రూపాలు, అనాలంటే, విషమయుగ్మజమైన తల్లి గింజల్లో ఏ పప్పులోనూ అవి రెండూ కలిసి రాకూడదు, ఏ పప్పులోనూ రెండూ లేకుండా పోకూడదు, రెండు తరగతులూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఈ మూడు షరతులూ తీరితేనే నేను ఒక స్థానానికి పేరు పెట్టేవాడిని. ఒక బ్యాండు కొన్ని పప్పుల్లో ఉండి మిగతావాటిలో లేకపోతే, అది ఉత్పత్తి ఇవ్వని యుగ్మవికల్పం వల్ల కావచ్చు, లేదా రెండో రూపం మరో బలమైన బ్యాండు వెనుక దాగి ఉండవచ్చు. ఆమ్ల ముక్కల ప్రాంతం ఎంతో కిక్కిరిసి ఉంటుంది కనుక రెండో అవకాశాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నిష్పత్తికి కై-వర్గ పరీక్ష చేస్తాము, అనుకున్న లెక్కకూ వచ్చిన లెక్కకూ ఉన్న తేడా యాదృచ్ఛికమేనా అని చూసే గణాంక పరీక్ష ఇది. ఒక చెట్టు నుంచి 40 పప్పులు చూస్తే 23 ఒక రూపంలో, 17 మరో రూపంలో ఉన్నాయనుకుందాం. సగం సగం రావలసిన చోట కై-వర్గం విలువ 0.9 అవుతుంది, 5 శాతం స్థాయిలో హద్దు 3.84 కాబట్టి ఆ తేడాను యాదృచ్ఛికంగా భావించవచ్చు. అదే 27, 13గా వస్తే విలువ 4.9, అప్పుడు కారణం వెతకాలి. కొన్ని స్థానాల దగ్గరలో పిండానికి ప్రాణాంతకమైన జన్యువు ఉంటే, ఆ యుగ్మవికల్పాన్ని మోసిన గింజలు తాలుగా పోయి, మిగిలిన వాటిలో నిష్పత్తి పక్కకు ఒరుగుతుంది. అందుకే ఒకే చెట్టు మీద ఆధారపడకుండా, అదే తేడా చూపే పలు చెట్లలో విడివిడిగా పరీక్షించి, అవి ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూశాకే ఫలితాలను కలపాలి.

ఒక తల్లిచెట్టు విషమయుగ్మజమా కాదా అని తెలుసుకోవడానికి మాత్రం అన్ని గింజలు అక్కర్లేదు. విషమయుగ్మజమైన చెట్టు నుంచి తీసుకున్న 6 పప్పులూ కాకతాళీయంగా ఒకే రూపం చూపడానికి అవకాశం 32లో ఒకటి, 10 తీసుకుంటే 512లో ఒకటి. తల్లిచెట్ల వర్గీకరణకు తక్కువ గింజలు, అనువంశికత రుజువుకు ఎక్కువ గింజలు అని పనిని రెండుగా విడదీసుకోవడం వల్ల శ్రమ చాలా తగ్గింది. రెండు స్థానాలలోనూ విషమయుగ్మజంగా ఉన్న చెట్టు దొరికితే సహలగ్నతను, అంటే ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉన్న జన్యువులు కలిసి సంక్రమించడాన్ని, కూడా అవే పప్పుల నుంచి చదవవచ్చు. నాలుగు తరగతులూ సమానంగా వస్తే ఆ రెండూ స్వతంత్రం, రెండు తరగతులు బాగా ఎక్కువగా వస్తే సహలగ్నం, తక్కువగా వచ్చిన వాటి వంతే పునఃసంయోజన శాతం. పరీక్షార్థ సంకరణంతో సాధించవలసిన దాన్ని చెట్టే సిద్ధంగా ఇస్తుంది.

పక్కన పెట్టిన పిండాల వంతు ఆ తరువాత వచ్చింది. పిండంలోనూ చాలావరకు పప్పులోని నిల్వ ప్రోటీన్లే ఉంటాయి, పరిమాణం మాత్రం తక్కువ. పప్పులో పై బ్యాండు ఒక్కటే ఉండి, అదే గింజ పిండంలో పై బ్యాండూ కింది బ్యాండూ రెండూ ఉంటే, కింది దాన్ని పరాగరేణువు తెచ్చిందని అర్థం. ఈ విధంగా ఒక్కో గింజ నుంచీ తల్లి ఇచ్చినదేదో తండ్రి ఇచ్చినదేదో విడదీసి రాయవచ్చు. తల్లిచెట్టులో అసలు లేని రూపం పుప్పొడి నుంచి వస్తే అది తప్పకుండా పరపరాగసంపర్కమే. తల్లిలో ఉన్న రూపమే వస్తే మాత్రం తండ్రి అదే చెట్టా, పొరుగు చెట్టా అన్నది ఒక్క స్థానంతో తేలదు, అనేక స్థానాలు కావాలి. ఈ దశలో మొదటిసారి నాకు ఆ కొండవాలు అంతటి పుప్పొడిలో ఏ రూపం ఎంత ఉందో అంచనాకు అందింది. ఆ పుప్పొడి ఎగిరిన వసంతం, నేను ఆ అడవికి వెళ్లడానికి దాదాపు రెండేళ్ల ముందటిది.

గాలి ద్వారా పుప్పొడి దూరాలకు చేరే శంకుధారి వృక్షాలలో జన్యువైవిధ్యంలో చాలా ఎక్కువ భాగం ఒక అడవికీ మరో అడవికీ మధ్య కాక, ఒకే అడవిలోని చెట్ల మధ్యనే ఉంటుందని ఐసోజైముల (ఒకే పని చేసే ఎంజైము వేర్వేరు రూపాల) మీద పరిశోధనలు సాగిన కాలం నుంచీ తెలిసిన విషయమే. మా జెల్‌లు కూడా ఆ దిశలోనే చెప్పాయి, ఒకే వాలు మీది చెట్ల మధ్యనే తేడాలు పుష్కలంగా దొరికాయి. అన్ని పైన్‌లూ ఇలా ఉండవు. ఉత్తర అమెరికాలోని రెడ్ పైన్‌లో వైవిధ్యం చాలా తక్కువ. కాలిఫోర్నియాలో రెండే చోట్ల మిగిలిన టోరీ పైన్‌ను 1983లో లెడిగ్, కాంకిల్ పరీక్షించినప్పుడు, ఒక్కో చోటి చెట్లలో లోపల ఐసోజైము తేడాలే కనిపించలేదు. గతంలో ఆ జాతి సంఖ్య బాగా కుంచించుకుపోయి ఉండటమే దీనికి కారణమని వారు భావించారు. ఏ చెట్ల నుంచి గింజలు సేకరించి నర్సరీ పెంచాలో నిర్ణయించే అటవీశాఖలకు ఈ భేదం ఎంతో అవసరం. వైవిధ్యం చెట్ల మధ్య ఉన్నప్పుడు, కోయడం తేలికని నాలుగైదు చెట్ల నుంచే బస్తాలు నింపుకుంటే, అడవిలో ఉన్న యుగ్మవికల్పాలలో అరుదైనవి నర్సరీకే చేరవు.

చివరికి నేను రెండు పట్టికలు తయారుచేశాను. మొదటిదానిలో మూడు షరతులూ తీరి, నిష్పత్తి పరీక్షలో నెగ్గిన స్థానాలు. రెండోదానిలో తేడా స్పష్టంగా కనిపించినా అనువంశికత రుజువు కాని బ్యాండులు, ప్రతి దాని ఎదురుగా అది ఏ షరతు దగ్గర ఆగిందో ఆ కారణం. రెండో పట్టిక మొదటిదానికన్నా పొడవైనది. దాన్ని తీసివేస్తే సిద్ధాంతవ్యాసం చక్కగా కనిపిస్తుందని కొందరు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు, మేడం కూడా ఒప్పుకోలేదు. అందులో ఆమ్ల ముక్కల ప్రాంతపు బ్యాండు ఒకటి ఉంది. అది కొన్ని పప్పుల్లో కనిపిస్తుంది, మిగతావాటిలో ఉండదు, సగం సగం నిష్పత్తికి చక్కగా సరిపోతుంది, అయినా దాని జత ఏమిటో మెర్కాప్టోఇథనాల్ కలపని జెల్ మీద దొరకలేదు. ప్రోటీన్లను మొదట విద్యుదావేశాన్ని బట్టి, ఆ తరువాత అణుభారాన్ని బట్టి రెండు దిశల్లో విడదీసే జెల్ మీద అదే చెట్టు గింజలను నడిపితే ఆ జత దొరకవచ్చునని నా నమ్మకం. అందుకోసం ఆ చెట్టు గింజలను కొన్నిటిని విడిగా డబ్బాలో వేసి, సంఖ్యతో సహా ప్రయోగశాలలో తరువాత చేరిన విద్యార్థికి అప్పగించాను.